వంద డాలర్ల టేబుల్లో మొదటి రాత్రి

న్యూజెర్సీలో ఆన్‌లైన్ పోకర్‌కి 2013 నుంచే చట్టం ఒప్పుకుంది, కాబట్టి ఇక్కడ దాపరికం లేకుండా ఆడుతున్నా. ఏడాదిన్నరగా యాభై డాలర్ల టేబుల్లోనే ఉన్నా. చేతిలో 3,000 డాలర్లు, అంటే వంద డాలర్ల టేబుల్‌కి 30 బై-ఇన్‌లు (టేబుల్లో కూర్చోడానికి ఒక్కోసారి పెట్టే మొత్తం) కూడాక నిన్న రాత్రి పైమెట్టు ఎక్కాను.

ఎంత తేడా! కింద నేను రెయిజ్ చేస్తే, అంటే పందెం పెంచితే, చాలామంది కాల్ చేసి, అంటే అంతే పందెం కట్టి ఊరుకునేవాళ్లు. ఇక్కడ ఊపిరి తీసుకోనివ్వరు, మళ్లీ రెయిజే.

ఒక ఆట ఇంకా కళ్లముందే ఉంది. నాకు ఆసు, రాణి. బోర్డు మీద, అంటే అందరికీ ఉమ్మడిగా పరిచిన ముక్కల్లో, రాణి, ఎనిమిది, మూడు, ఐదు, రెండు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 95 డాలర్లు. అవతలివాడు మిగిలిన 53 మొత్తం తోసేశాడు. టైమర్ తరిగిపోతోంది. కింద టేబుల్లో అయితే ముక్కలు పడేసేవాణ్ణి, అక్కడ ఉత్త బ్లఫ్‌కి (చేతిలో ఏమీ లేకుండా బెదిరించడానికి) అంత పెట్టేవాళ్లు తక్కువ. ఇక్కడ పెడతారు. నేను 53 పెట్టి నెగ్గితే పాట్‌తో పాటు అతని 53 కూడా నావే, కాబట్టి నాలుగింట ఒకసారి కన్నా కాస్త ఎక్కువ నెగ్గినా గిట్టుబాటే. కాల్ చేశా. నా రాణుల జత కన్నా పెద్దదైన రాజుల జత తిప్పాడు.

వంద పోయింది. ఆ కాల్ తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోవట్లేదు.

మా ఆవిడ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పా. చేతిలో డబ్బు 2,400కి పడితే మళ్లీ కిందికే దిగుతానని మాటిచ్చా. రేపు రాత్రి మళ్లీ కూర్చుంటా.