కాశీ వెళ్తే గంగ దాటి రామ్‌నగర్ కూడా చూడండి

తొమ్మిది నిద్రల మొక్కు తీర్చుకోవడానికి అమ్మానాన్నలతో కాశీ వెళ్లాం. మానససరోవర్ ఘాట్ చుట్టుపక్కల సందుల్లో ఎటు చూసినా తెలుగే, భోజనానికీ భాషకీ ఇబ్బంది లేదు, కాబట్టి ఆ సంగతులు వదిలేస్తాను. నేను చెప్పాలనుకున్నది గంగకు అవతల ఒడ్డున రామ్‌నగర్‌లో ఉన్న లాల్ బహదూర్ శాస్త్రి గారి ఇంటి గురించి. కోట చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది అటునుంచి అటే తిరిగి వెళ్లిపోతున్నారు, అది నాకు చాలా బాధగా అనిపించింది.

ఆటోలో సామ్నేఘాట్ వంతెన దాటి వెళ్లాం. ఇరుకు సందులో పాతకాలపు ఇల్లు, చిన్న చిన్న గదులు. 2018లో మ్యూజియం చేశారు. గోడల మీద ఫొటోలు, ఆ కుటుంబం బతికిన తీరు తెలిసేలా సర్దిన వంటిల్లు. ఏడాదిన్నర వయసులోనే తండ్రి పోతే తల్లి పుట్టింటి ఆసరాతో పెరిగిన పిల్లవాడు, పదహారేళ్లకే చదువు వదిలి సహాయ నిరాకరణలోకి దూకి, తర్వాత కాశీ విద్యాపీఠ్‌లో చదివి 1925లో 'శాస్త్రి' పట్టా అందుకున్నాడు. ఆ పట్టానే పేరులో నిలిచిపోయింది. మొత్తం ఏడేళ్లు జైల్లో గడిపిన మనిషి.

మాది మహబూబ్‌నగర్ వైపు. అందుకే నాకు ఆ ఇంట్లో రైల్వే మంత్రిగా ఉన్నప్పటి సంగతులే మనసులో మెదిలాయి. 1956 వానాకాలంలో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయి వంద మందికి పైగా చనిపోయారు. అప్పటికింకా మనది హైదరాబాద్ రాష్ట్రం. శాస్త్రి గారు వెంటనే రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడులోని అరియలూరు దగ్గర మళ్లీ అలాంటి ఘోరమే జరిగింది, ఈసారి ఆయన పట్టుబట్టారు. తప్పు ఆయనది కాకపోయినా మంచి సంప్రదాయం నిలబడాలని ఒప్పుకుంటున్నానని నెహ్రూ పార్లమెంటులో చెప్పారు. ఇదంతా అమ్మకు చెప్తుంటే, "మనూరి వాళ్ల కోసం కూడా కుర్చీ వదులుకుంటానన్నాడా!" అంది. అవునమ్మా, అన్నాను.

ఇంకోటి కూడా ఉంది. 1963లో కామరాజ్ ప్రణాళిక కింద, అంటే పెద్ద నాయకులు పదవులు వదిలి పార్టీ పని చూడాలన్న కాంగ్రెస్ ఆలోచన ప్రకారం, హోం మంత్రి పదవినీ వదిలేశారు. అందరూ ఆయన పేదరికం గురించే చెప్తారు, ఆయన పదవిని ఎంత తేలిగ్గా దించుకున్నారో చూస్తే నాకు అదే పెద్దగా కనిపిస్తుంది. ఏడాది తిరక్కుండానే, 1964 జూన్ 9న, ప్రధాని కుర్చీ ఆయన దగ్గరికే వచ్చింది. కరువు, పాకిస్తాన్‌తో 1965 యుద్ధం, చివరికి తాష్కెంట్‌లో మరణం... పందొమ్మిది నెలలు మాత్రమే.

ప్రధాని అయ్యాక ఫియట్ కారు కొనడానికి తక్కువపడిన 5,000 రూపాయలు పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. అది తీరకుండానే ఆయన పోతే, మిగతాది ఆయన భార్య లలితా దేవి గారు తన పింఛనులోంచి కట్టారు. అమ్మకు ఈ మాట దగ్గర కళ్లు చెమర్చాయి, "ఆమెకు దండం పెట్టాలిరా" అంది.

బయటికొచ్చాక లస్సీ తాగాం. రామ్‌నగర్ లస్సీకి పేరుంది, మట్టి పిడతలో పైన మీగడ మందంగా వేసి ఇస్తారు. తిరుగు రైలు మొఘల్‌సరాయ్ నుంచి, ఇప్పుడు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అంటున్నారు. శాస్త్రి గారు 1904 అక్టోబర్ 2న పుట్టింది ఆ ఊళ్లోనే. మన వైపు రైలు అక్కడే ఎక్కేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి, ఆ పూట ఉదయాన్నే బయల్దేరితే దారిలోనే రామ్‌నగర్ చూసుకుని స్టేషన్‌కు వెళ్లొచ్చు. సామాను ఉంటే ఆటో అతనితో ముందే మాట్లాడుకోండి. ఆ ఫియట్ కారు మాత్రం ఢిల్లీలో ఆయన స్మారక భవనంలో ఉంది, ఈసారి అమ్మను అక్కడికి తీసుకెళ్లాలి.