ఆన్ ఆర్బర్‌లో ఒక ఫుట్‌బాల్ శనివారం, దాని వెనుక డబ్బు

అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఊరు ఆన్ ఆర్బర్. మ్యాచ్ ఉన్న శనివారం అక్కడ తెల్లారేసరికే మెయిన్ స్ట్రీట్ పొడవునా ఇళ్ళ ముందు పచ్చిక మీద కార్లు నిండిపోతాయి. ఇంటివాళ్ళే అట్టముక్క మీద రేటు రాసుకుని రోడ్డు పక్కన నిలబడి కార్లను పిలుస్తుంటారు. మన దగ్గర తిరునాళ్ళప్పుడు గుడి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చెప్పుల స్టాండ్లు పెట్టుకున్నట్టే. స్టేడియం దగ్గర్లోని పయనీర్ హైస్కూల్ స్థలాన్ని కూడా ఆ రోజు పార్కింగ్‌కి ఇస్తారు. మేమూ అక్కడే కారు పెట్టాం. అప్పటికే జనం కార్ల వెనక డిక్కీలు తెరిచి, మడత కుర్చీలు వేసుకుని, పొయ్యిల మీద మాంసం కాల్చుకుంటూ కబుర్లలో ఉన్నారు. ఆట మొదలయ్యేది మధ్యాహ్నం పన్నెండింటికి.

నేను గుంటూరులో ఒక సహకార బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. తమ్ముడి కుటుంబం ఉండేది డెట్రాయిట్ దగ్గర కాంటన్‌లో. ఆ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో, ఐటీలో పనిచేసే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. మేనల్లుడు మిషిగన్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. "అత్తా, ఒక్క మ్యాచ్ అయినా చూడకుండా వెళ్తే ఎలా" అని వాడే పట్టుబట్టాడు. ఇది మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, బంతిని చేతుల్లో పట్టుకుని పరుగెత్తే, విసిరే అమెరికన్ ఫుట్‌బాల్. దీని నియమాలు నాకు పెద్దగా తెలియవు. కానీ ఒక కాలేజీ జట్టు ఆటకి లక్షమందికి పైగా డబ్బు కట్టి వస్తారంటే, ఆ డబ్బు ఎలా వస్తుంది, ఎటు పోతుంది అన్నది తెలుసుకోవాలని గట్టిగా అనిపించింది.

2025 అక్టోబరు మొదటి శనివారం, విస్కాన్సిన్ యూనివర్సిటీ జట్టుతో మ్యాచ్. మేనల్లుడికి విద్యార్థుల సీజన్ టికెట్ ఉంది. మా ముగ్గురికీ రీసేల్ యాప్‌లో, అంటే టికెట్లున్నవాళ్ళు తిరిగి అమ్ముకునే చోట కొన్నాం, ఫీజులన్నీ కలిపి మనిషికి వంద డాలర్లు దాటింది. కాగితం టికెట్ లేదు, అంతా ఫోన్లోనే. బ్యాగులు లోపలికి రానివ్వరని మరదలు ముందే చెప్పడంతో మందుల డబ్బా జేబులో పెట్టుకున్నాను.

బయటి నుంచి చూస్తే మిషిగన్ స్టేడియం అంత పెద్దదని తెలియదు. ఎక్కువ భాగం నేలలోకి దిగి ఉంటుంది. గేటు దాటి లోపలికి రాగానే కాళ్ళ కింద లోయలా తెరుచుకుంటుంది. సీట్లు 1,07,601. అమెరికాలో ఇంతకంటే పెద్ద స్టేడియం లేదు. 1975 నవంబరు నుంచి ఇక్కడ జరిగిన ప్రతి మ్యాచ్‌కీ లక్షకి పైగా జనం వచ్చారు. కోవిడ్ వల్ల ప్రేక్షకుల్ని రానివ్వని 2020ని మాత్రం ఆ లెక్కలో కలపరు. అరవై డెబ్భై వరుసలు దాటి కిందకి చూస్తే ఆటగాళ్ళు చీమల్లా ఉన్నారు. పసుపు, నీలం రంగుల బట్టల్లో ఒక ఊరంతా కూర్చున్నట్టుంది.

ఈ స్టేడియం కట్టిన తీరు గురించి చదివినప్పుడే నాకు దీని మీద గౌరవం కలిగింది. 1920ల్లో ఇక్కడ అథ్లెటిక్ డైరెక్టర్‌గా, అంటే యూనివర్సిటీ ఆటల విభాగానికి అధిపతిగా ఉన్న ఫీల్డింగ్ యోస్ట్ ప్రభుత్వాన్ని డబ్బు అడగలేదు. జనానికి బాండ్లు అమ్మాడు. ఒక్కోటి 500 డాలర్లు, మూడు వేల బాండ్లు, 3 శాతం వడ్డీ. అంత తక్కువ వడ్డీకి ఎవరు కొంటారు? అందుకని బాండు కొన్నవాళ్ళకి పదేళ్ళపాటు సీజన్ టికెట్లు కొనుక్కునే హక్కు ఇచ్చాడు. టికెట్ డబ్బు వేరే. బాండు ఇచ్చేది కొనుక్కునే అవకాశం మాత్రమే. అప్పులిచ్చే కుర్చీలో చాలాకాలం కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఇది చాలా తెలివైన పథకం. అప్పు ఇచ్చినవాడే ఖాతాదారు, వాడే పదేళ్ళ పాటు గ్యారంటీ ప్రేక్షకుడు. దాదాపు 9.5 లక్షల డాలర్లతో స్టేడియం లేచింది, 1927లో ఆటలు మొదలయ్యాయి. అప్పుడు కట్టింది 72 వేల సీట్లకే అయినా, రేపు లక్ష దాటి పెంచుకునేలా పునాదులు వేయించాడు యోస్ట్. ఆ ముందుచూపు నాకు ఎంతగానో నచ్చింది.

మా పక్కన కూర్చున్నది డెబ్భై దాటిన ఒక పెద్దాయన. అల్యూమినియం బెంచీ మీద నంబర్లు రాసి ఉంటాయి, ఒకరి మోకాలు ఒకరికి తగిలేంత ఇరుకు. కాబట్టి మాటలు కలవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ సీట్లు వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ వాళ్ళవేనట. మావి మాత్రం ఎవరో ఈ వారానికి అమ్ముకున్న సీట్లు.

"టికెట్ ఖరీదు అడిగితే చెప్పగలను. సీటు ఖరీదు అడిగితేనే లెక్క పెద్దది" అన్నారాయన.

విషయం ఏమిటంటే, 2005 సీజన్ నుంచి ఇక్కడ మంచి సీట్లకి టికెట్ ధరతో పాటు ఏటా విరాళం కూడా కట్టాలి. గ్రౌండ్ మధ్యగీతకి ఎంత దగ్గరైతే అంత ఎక్కువ. కట్టకపోతే వెనక్కి జరగాలి. అప్పట్లో ఆ విరాళంలో 80 శాతానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉండేది కాబట్టి కొంత తేలికైంది. 2017లో వచ్చిన పన్ను చట్టం దాన్ని ఎత్తేసింది. 2018 నుంచి మొత్తం సొంత జేబులోంచే. ఆ పెద్దాయన తమకి నాలుగు సీట్లు ఉండేవనీ, ఇప్పుడు రెండే ఉంచుకున్నామనీ చెప్పారు. కోపంగా చెప్పలేదు. "జట్టుకి డబ్బు కావాలి, నాకు తెలుసు. కానీ మా మనవడు ఇక్కడ కూర్చోడు" అన్నారు. ఆ మాట విన్నాక నేను కాసేపు ఆట మీద దృష్టి పెట్టలేకపోయాను.

ఎదురుగా స్టేడియం రెండు వైపులా పెద్ద ఇటుక భవనాలు కనిపిస్తాయి. 22.6 కోట్ల డాలర్ల పనుల్లో భాగంగా కట్టిన ఇవి 2010లో తెరుచుకున్నాయి. అందులో 81 సూట్‌లు (అద్దెకిచ్చే ప్రైవేటు గదులు), కొన్ని వేల ఖరీదైన క్లబ్ సీట్లు ఉన్నాయి. డబ్బున్నవాళ్ళు అద్దాల వెనక ఏసీలో కూర్చుని చూస్తారు. ఆ అద్దెలతో ఈ పనులకి చేసిన అప్పు తీర్చాలన్నది ఆలోచన. బ్యాంకు మనిషిగా ఆ లెక్క నాకు అర్థమైంది. వీల్‌చెయిర్ సీట్లు చాలవని వికలాంగులైన మాజీ సైనికుల సంఘం కోర్టుకి వెళ్ళాక, 2008లో రాజీ కుదిరి ఆ సీట్లు పెంచారు. పెద్దాయన చూపించిన చోట నిజంగానే చాలామంది వీల్‌చెయిర్లలో తమవాళ్ళతో కలిసి కూర్చుని ఉన్నారు.

విద్యార్థుల సీట్ల వైపు మ్యాచ్ మొత్తం ఒక్కరూ కూర్చోరు. బ్యాండ్ వాయిస్తుంటే చేతులు పైకెత్తి పాట పాడుతూనే ఉంటారు. మేనల్లుడు అక్కణ్ణుంచే ఫోన్లో ఫొటోలు పంపాడు. ఈ వైపు ఒకప్పుడు పలచబడిన సంగతి కూడా మేనల్లుడే చెప్పాడు. 2013లో విద్యార్థుల సీట్ల కేటాయింపు పద్ధతి మార్చారు, 2014లో ఏడు మ్యాచ్‌ల విద్యార్థి టికెట్ 295 డాలర్లు ఉంది, జట్టు కూడా సరిగా ఆడలేదు. టికెట్లు కొనే విద్యార్థులు వేలల్లో తగ్గిపోయారు. ఆ సెప్టెంబరులో రెండు కోక్‌లు కొంటే రెండు టికెట్లు అంటూ వచ్చిన ఆఫర్ పెద్ద గొడవైంది. ఏటా విరాళాలు కట్టి సీట్లు నిలబెట్టుకున్నవాళ్ళకి అది ఎంత బాధ కలిగించి ఉంటుందో మా పక్కనున్న పెద్దాయన్ని చూస్తే తెలుస్తుంది. తర్వాతి సీజన్‌కి విద్యార్థి టికెట్ 175 డాలర్లకి దించారు. అప్పటి అథ్లెటిక్ డైరెక్టర్ డేవ్ బ్రాండన్ ఆ అక్టోబరు చివర్లో రాజీనామా చేశారు. ఇంత జరుగుతున్నా స్టేడియం లెక్క లక్ష దాటుతూనే ఉంది. మొత్తం అంకె బాగున్నంత మాత్రాన లోపల అంతా బాగున్నట్టు కాదని మా ఆడిటర్లు పదే పదే చెప్పేవారు.

మ్యాచ్ మిషిగన్ 24-10తో గెలిచింది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ అండర్‌వుడ్ ఇక్కడికి దగ్గర్లోని బెల్‌విల్ కుర్రాడే, మొదటి ఏడాది విద్యార్థి. వాడు బంతి అందుకున్న ప్రతిసారీ మా వరుసంతా లేచి నిలబడింది. 2021 జూలై వరకూ ఇలాంటి పిల్లలు తమ పేరు మీద ఒక్క డాలరు ప్రకటనల డబ్బు తీసుకున్నా ఆటకి అనర్హులయ్యేవారు. స్కాలర్‌షిప్ ఒక్కటే దక్కేది. వాళ్ళ చుట్టూ మాత్రం కోచ్‌ల జీతాలు, టీవీ ఒప్పందాలు కోట్లలో పెరిగాయి. మిషిగన్ ఉన్న బిగ్ టెన్ అనే యూనివర్సిటీ జట్ల కూటమి 2022లో కుదుర్చుకున్న ఏడేళ్ళ టీవీ ఒప్పందం 700 కోట్ల డాలర్లకి పైమాటే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో మొదటిసారి యూనివర్సిటీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. పెద్ద యూనివర్సిటీలకి టికెట్లు, టీవీ, స్పాన్సర్ల నుంచి వచ్చే రాబడి సగటులో 22 శాతంగా ఆ అంకె తేల్చారు. ఇది ఎప్పుడో రావాల్సిన న్యాయం అని నా గట్టి అభిప్రాయం. ఎముకలు విరిగేలా ఢీకొట్టుకునేది ఆ పిల్లలే.

కానీ ఆ రెండు కోట్లూ ఎక్కణ్ణుంచి రావాలి? కాంటన్‌కి తిరిగి వెళ్తూ కార్లో తమ్ముడు అదే అడిగాడు. "అక్కా, లక్ష టికెట్లు అమ్ముకునేవాళ్ళకి లోటేమిటి?" అన్నాడు. లోటు ఉంది. మిషిగన్ అథ్లెటిక్ విభాగం 2025-26కి దాదాపు 1.5 కోట్ల డాలర్ల లోటు బడ్జెట్ వేసుకుంది. అది కూడా ఖర్చులు తగ్గించుకున్నాకే. 2024లో సొంత గడ్డ మీద ఎనిమిది మ్యాచ్‌లు పడ్డాయి, 2025లో ఆరే. ఏడాది టికెట్ రాబడి చాలావరకు ఆ కొద్ది శనివారాల మీదే నిలబడ్డప్పుడు రెండు తగ్గితే ఎంత దెబ్బో ఊహించుకోవచ్చు. స్టేడియంలో బీరు అమ్మకం 2024లో మొదలుపెట్టారు. రేపు విరాళాలు ఇంకా పెరగొచ్చు.

మర్నాడు మేనల్లుడు క్యాంపస్ చూపిస్తూ ఫిలిస్ ఓకర్ ఫీల్డ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అది హాకీ మైదానం. మనం ఆడే హాకీయే, ఇక్కడ అమ్మాయిలు ఆడతారు. లక్ష సీట్లు చూసొచ్చిన కళ్ళకి ఆ గ్యాలరీ చాలా చిన్నది. 2001లో ఈ జట్టు జాతీయ చాంపియన్ అయింది. మిషిగన్ మహిళల జట్లలో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల జాతీయ సంస్థ) టైటిల్ గెలిచిన మొదటిది ఇదే. టికెట్ల మీద ఈ ఆట బతకలేదు. దీని కోచ్‌లకి, ప్రయాణాలకి, స్కాలర్‌షిప్‌లకి డబ్బు ప్రధానంగా వచ్చేది ఫుట్‌బాల్ రాబడి నుంచే. ఇలాంటి జట్లు ఇక్కడ రెండు డజన్లకి పైగా ఉన్నాయి.

లోటు పూడ్చాల్సి వచ్చినప్పుడు ముందు కత్తెర పడేది ఇలాంటి ఆటలకే అని మేనల్లుడు భయపడుతున్నాడు. నాకూ ఆ భయం ఉంది. సూట్‌ల అద్దెలు పెంచనీ, టీవీవాళ్ళ దగ్గర ఇంకా గట్టిగా బేరమాడనీ, కోచ్‌ల జీతాలకి పరిమితి పెట్టనీ, ఈ అమ్మాయిల జోలికి మాత్రం రాకూడదు. ఈ సీజన్‌లో హాకీ మ్యాచ్‌లకి కూడా వెళ్ళమని మేనల్లుడికి చెప్పాను. స్నేహితుల్ని తీసుకుని వెళ్తానన్నాడు.