ఇంజిన్ శ్రుతిలో హార్బర్

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట బంద్. ఆ 61 రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్ ఎలా వినిపిస్తుందో ఆడియో డాక్యుమెంటరీ చేద్దామని దిగాను. వ్యాఖ్యానం పెట్టకూడదని ముందే అనుకున్నా. హెర్రింగ్ చేపల వేట మీద బీబీసీ 1960లో చేసిన 'సింగింగ్ ద ఫిషింగ్' విన్నప్పటి నుంచీ నాకా పిచ్చి. అందులో జాలర్ల మాటలు, వాటిలోంచి అల్లిన పాటలే కథ నడిపిస్తాయి.

నిషేధానికి ముందే వెళ్లి వేలంపాట రికార్డు చేశాను. ఐసు పొడి చేసే మిషను రొద, తడి సిమెంటు మీద ఈడ్చే ట్రేలు, ధర అరిచే ఆడవాళ్ల గొంతులు. నిషేధం మొదలయ్యాక అదే జెట్టీలో కాకులు, తాళ్ల కిర్రు, మరమ్మతు బోటు మీద సుత్తి దెబ్బలు. సముద్రపు గాలికి మైకు మీద బొచ్చు కవరు ఉండాల్సిందే. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఓ నిమిషం ఉత్త చప్పుడు పట్టుకున్నా. మాటకీ మాటకీ మధ్య అతుకు తెలియనివ్వనిది అదే.

అసలు తలనొప్పి సంగీతం. ఒక పెద్ద వయసు బోటు డ్రైవరు, "ఇంజిను సౌండు ఇనపడకపోతే నిద్దరట్టదు బాబూ" అన్నాడు. దాని కింద శివరంజని రాగంలో ఫ్లూటు పెడదామన్నాడు ఫ్రెండు. పెట్టి చూశాం. ఆయన నోరు తెరవకముందే 'ఇక బాధపడండి' అని ఫ్లూటు చెప్పేస్తోంది. తీసేశా.

అప్పుడు పాత రికార్డింగులోని ఇంజిన్ మోతను తంబూరా యాప్‌తో పోల్చి చూస్తే దాదాపు ఒకటిన్నర శ్రుతిలో (కీబోర్డు మీద సి షార్ప్) పడింది. అదే శ్రుతిలో తంబూరా సన్నగా మొదలుపెట్టి, ఇంజిన్‌ను మెల్లగా తగ్గిస్తూ పోయా. ఇంజిన్ ఎక్కడ ఆగిందో వినేవాళ్లకు తెలీదు. కాసేపటికి ఏదో వెలితి మాత్రం తెలుస్తుంది. ఆయన మాట అక్కడ పెట్టా, అది కూడా తంబూరాను పూర్తిగా ఆపేసి. మాట అయ్యాక రెండు సెకన్లు జెట్టీ చప్పుడు, ఆ తర్వాతే మళ్లీ తంబూరా.

మిగతా చోట్ల సంగీతాన్ని గొంతు కన్నా ఓ 18 డెసిబెల్స్ కింద ఉంచా. హల్లుల స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది కాబట్టి సంగీతంలో ఆ భాగాన్ని కాస్త కోశా. సుత్తి దెబ్బల్ని లయకు కుదిర్చే జోలికి పోలేదు. అలా చేస్తే సినిమా పాటైపోతుంది.

హెడ్‌ఫోన్లలో బ్రహ్మాండంగా ఉంది. ఫోను స్పీకరులో వింటే తంబూరా మాయం! అంత చిన్న స్పీకరు మంద్ర స్వరాల్ని పలకలేదు మరి. ఒక స్థాయి పైన ఇంకో తంబూరా పలచగా కలిపి, ఆర్టీసీ బస్సులో కూర్చుని మళ్లీ విన్నా. ఆ రొదలోనూ ఆనింది. ఇంటికొచ్చి ఎక్స్‌పోర్ట్ కొట్టేశా.