రెండు తలల గద్దకు ఊరు దొరికింది

మొదటి ఆదివారం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల నడుమ ఒకాయన దగ్గర విదేశీ స్టాంపుల పొట్లం కొన్నాను. ముప్పావు వంతు నా ఆల్బమ్‌లో ఉన్నవే. ఒక్కటి మాత్రం కొరుకుడు పడలేదు. ఎర్ర రంగు, మధ్యలో రెండు తలల గద్ద, దాని రొమ్ము మీద డాలు, పై మూలల్లో 5 అంకె. అంతే. దేశం పేరు లేదు, కనీసం డబ్బు పేరైనా లేదు.

చూడగానే గండభేరుండం అనుకుని మైసూరు రెవెన్యూ స్టాంపేమో అని మురిసిపోయాను. కానీ విజయనగర రాజు అచ్యుతరాయల నాణేల మీద గండభేరుండం ఏనుగుల్ని పట్టుకుని ఉంటుంది. దీని దగ్గర ఏనుగుల్లేవు, పైగా కిరీటం ఉంది. రష్యాదైతే రష్యన్ అక్షరాలుండాలి. ఆస్ట్రియావాళ్ల 1883 నాటి గద్ద స్టాంపుల మీద దేశం పేరుంటుంది. ఆ రోజంతా అక్కడే ఆగిపోయాను.

రెండో వారం. బొమ్మను వదిలేసి తపాలా ముద్ర పట్టుకున్నాను. ఈ పని మొదటి రోజే చేయాల్సింది, కానీ బొమ్మ మాయలో పడ్డాను. ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి, ఫోటో తీసి, అందులో ఎరుపును తగ్గిస్తే నల్ల సిరా పైకి తేలింది. పైన 'మిలిట్', కింద 'మోస్త'. మిలిటరీ పోస్ట్, మోస్తార్! బోస్నియా-హెర్జెగోవినా అన్నమాట. 1878 బెర్లిన్ మహాసభ తర్వాత ఆ ప్రాంతం పేరుకు ఆటోమన్ సుల్తానుదే, పాలన మాత్రం ఆస్ట్రియా-హంగరీది. అక్కడి తపాలా సైన్యం చేతుల్లో నడిచింది. పేరు లేని ఈ గద్ద స్టాంపులు 1879లో మొదలయ్యాయి. 1900లో డబ్బు క్రోయిట్‌సర్ నుంచి హెల్లర్‌కు మారినప్పుడు అంకెలు కింది మూలలకు దిగాయి. నాది పై మూలల్లో ఉంది కాబట్టి పాత వరసదే.

మూడో వారం, కొలతలు. స్టాంపును చింపడానికి అంచున వేసే పళ్లలాంటి రంధ్రాలు 2 సెంటీమీటర్లకు ఎన్నో లెక్కపెడితే పదకొండున్నర వచ్చింది. ఈ వరసలో సుమారు 9 నుంచి 13½ దాకా రకరకాల పళ్లున్నాయట, అందుకని దీన్నిబట్టి ఏడాది తేలదు. వాటర్‌మార్క్ (కాగితంలోనే దాగి ఉండే అక్షరాల గుర్తు) కోసం నల్ల పింగాణీ పళ్లెంలో స్టాంపును బోర్లా పెట్టి, సిగరెట్ లైటర్‌లో పోసే ద్రవం రెండు చుక్కలు వేశాను (కిటికీ తెరిచి, స్టవ్‌కు దూరంగా!). ఏమీ కనిపించలేదు. ఇక్కడ తొందరపడకూడదు. ఈ వాటర్‌మార్క్ పెద్ద అక్షరాలు షీటు మొత్తానికి అడ్డంగా ఉంటాయి, ఒక్కో స్టాంపుకు అక్షరం ముక్క వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

మిగిలింది లిథోనా (చదునైన రాతి పలక మీది బొమ్మ నుంచి వేసే అచ్చు), ఉబ్బెత్తు అచ్చు దిమ్మతో వేసిందా అన్నది. 10 రెట్ల భూతద్దంతో డాలులోని సింహం కన్ను చూడాలి. లిథో రకంలో అది సన్నని చుక్క, తర్వాతి రకంలో తల గీతకు తగిలేంత పెద్ద చుక్క. నా ఖర్మకు మోస్తార్ ముద్ర సిరా సరిగ్గా సింహం తల మీదే పడింది. రెండో గుర్తు డాలు కుడివైపున్న చిన్న గద్దలు, అన్నిటికంటే కిందిదాని మీద రంగు గీత ఉంటే తర్వాతి రకం. నా దాంట్లో గీత లేదు. లిథో అని పెన్సిల్‌తో రాసుకున్నాను. మూడో రకం కూడా ఒకటుంది, అందులోనూ ఆ గీత ఉండదట. పెద్ద గద్ద తోక ఈకలు చూసి దాన్ని పక్కకు తీసేసేదాకా పెన్ను ముట్టను.