ఊపిరితిత్తిలో ముక్క తీయాలంటే ముందు అడగాల్సింది

ఊపిరితిత్తిలోంచి ముక్క తీసి పరీక్షకు పంపాలి అనగానే మా శ్రీకాకుళం చుట్టాలందరిదీ ఒకటే మాట, "కత్తి తగిలితే జబ్బు ముదిరిపోద్ది, వద్దు". మావయ్యయితే నా చెయ్యి పట్టుకుని "కోసేస్తారేటి నాన్నా?" అని మెల్లగా అడిగాడు. ఆయనది కేన్సర్ కాదు, ఐఎల్‌డీ, అంటే రెండు ఊపిరితిత్తుల్లోనూ గాలి గదుల గోడలు వాచి మందమైపోయే జబ్బుల గుంపు. పొడిదగ్గు, ఆయాసం అనేసరికి మన దగ్గర ముందు టీబీయే అనుకుంటారు కాబట్టి, తెమడలో ఏమీ కనపడకపోయినా ఆయన చేత టీబీ మందుల కోర్సు మొత్తం మింగించేశారు.

వైజాగ్‌లో డాక్టర్ని నేనడిగింది ఒక్కటే: ముక్క తీస్తే మందు మారుతుందా? మారకపోతే ఎందుకు తీయాలి? ఆయన కసురుకోలేదు. హెచ్‌ఆర్‌సీటీలో, అంటే ఊపిరితిత్తుల్ని పల్చటి పొరలుగా చూపించే సీటీ స్కాన్‌లో, ఊపిరితిత్తుల అడుగున తేనెపట్టు గదుల్లా స్పష్టంగా కనిపించి, వేరే కారణమేదీ దొరక్కపోతే బయాప్సీ, అంటే ఈ ముక్క తీయడం, అక్కర్లేదట, 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలూ అదే చెప్తున్నాయి. మావయ్య స్కాన్ అంత స్పష్టంగా లేదు.

అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు. పావురాలు పెంచారా, గోడలకి బూజుందా, కూలర్ వాడతారా? 2017లో వచ్చిన ఇండియా ఐఎల్‌డీ రిజిస్ట్రీలో 1084 మందిని చూస్తే దాదాపు సగం మందికి హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్ అని తేలింది, అంటే పీల్చిన గాలిలో ఉన్నదేదో పడక వచ్చేది, వాళ్లలో చాలామంది కూలర్ గాలికి అలవాటుపడ్డవాళ్లే. మన ఉక్కపోతకి కూలర్ పనిచెయ్యదని తెలిసీ కొంటాం కదా! ఇంటికొచ్చి కూలర్ పక్క తలుపు ఊడదీస్తే గడ్డి నల్లగా, జిగటగా, కొన్నప్పటి నుంచి ఎవరూ మార్చలేదు.

ముక్క తీసే పద్ధతులు కూడా ఆయనే చెప్పారు. శ్వాసనాళంలోకి దించే కెమెరా గొట్టం, బ్రాంకోస్కోప్‌లోంచి ఫోర్సెప్స్ అనే చిన్న పట్టకారుతో తీస్తే రెండు మూడు మిల్లీమీటర్లే వస్తుంది, అదీ నలిగిపోయి. ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలు కట్టే సార్కాయిడోసిస్‌లాంటి వాటికి చాలొచ్చు గానీ మచ్చ ఏ తీరులో పడిందో చెప్పడానికి చాలదు. క్రయోబయాప్సీలో గ్యాస్‌తో చల్లబరిచిన ప్రోబ్ కొసకి కణజాలం కొన్ని సెకన్లలో గడ్డకట్టి అంటుకుంటుంది, స్కోప్‌తో సహా లాగేస్తారు, ముక్క పెద్దది, నలగదు, కానీ రక్తం కారొచ్చు కాబట్టి శ్వాసనాళాన్ని మూయడానికి బెలూన్ సిద్ధంగా ఉంచుకుంటారు. 2020లో ఆస్ట్రేలియా వాళ్లు 65 మందికి ఈ పద్ధతిలోనూ, ఆపరేషన్‌తోనూ ముక్కలు తీసి పోల్చితే సుమారు 71 శాతం మందిలో రిపోర్టులు కలిశాయి. అనుభవమున్న చోటైతే ఆపరేషన్‌కి బదులు ఇది చేయొచ్చని 2022లో మార్గదర్శకాలూ ఒప్పుకున్నాయి.

ఇక ఆపరేషన్ అంటే మత్తిచ్చి, పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది, తర్వాత ఛాతీలో ట్యూబ్ ఉంచుతారు. అమెరికా లెక్కల్లో ముందే అనుకుని చేయించుకున్నవాళ్లలో ఆసుపత్రిలోనే చనిపోయింది 1.7 శాతం, అర్జెంటుగా చేసినవాళ్లలో 16 శాతం. ఆయాసంతో కొట్టుకుంటున్న మనిషికి హడావుడిగా చేయించడం ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తోంది.

మావయ్యకి ఊపిరితిత్తి కడిగిన నీళ్లలో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు బాగా ఎక్కువున్నాయి. దానికి స్కానూ కూలరూ కలిపి ఛాతీ డాక్టరు, రేడియాలజిస్టు, కీళ్ల డాక్టరు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుని ఇది హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిసే, ముక్క అక్కర్లేదన్నారు. స్టెరాయిడ్ మొదలుపెట్టారు, కూలర్ పాత సామాన్లవాడికి పోయింది.

మీ ఇంట్లో ఎవరికైనా బయాప్సీ తప్పదంటే రక్తం పలచబడే మాత్రలు వాడుతున్న సంగతి ముందే చెప్పండి, మీకు మీరుగా మానేయకండి. అయ్యాక ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది కుంచించుకుపోవచ్చు, కొందరికి ఆలస్యంగా కూడా. అందుకని డిశ్చార్జ్ చేసేశారు కదా అని అదే సాయంత్రం శ్రీకాకుళం బస్సెక్కకుండా ఆ రాత్రి వైజాగ్‌లోనే ఉండండి.