పెద్ద తాతకు అందని బిళ్లలు

2022 ఆగస్టులో, హైదరాబాదులో ఉద్యోగం చేసుకొంటూ ఉండగా, నాకు దగ్గు పట్టుకొంది. పొద్దుగూకేసరికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లవారుజామున చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకొనేది, రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. మొదట చూపించుకొన్న ప్రైవేటు డాక్టరు నెల రోజులు మందులు మార్చి మార్చి ఇచ్చారే తప్ప తెమడ పరీక్ష చేయించలేదు. చివరకు ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ ఇచ్చిన రోజే, క్రిమి జన్యువును పట్టి చూపే సీబీనాట్ యంత్రంలో చూసి, క్షయ అనీ, దాని ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేననీ తేల్చారు. రోజుకు నాలుగు బిళ్లల చొప్పున రెండు నెలలకు సరిపడా మందులు ఉచితంగానే ఇచ్చి, మూత్రం నారింజ రంగుకు మారితే భయపడవద్దని నర్సమ్మ ముందే హెచ్చరించారు.

సంగతి తెలిసిన మర్నాడే ఇంటి యజమాని గది ఖాళీ చేయమన్నారు. మందు పడిన కొన్ని వారాలకే ఇతరులకు సోకించే శక్తి బాగా తగ్గిపోతుందని చెప్పినా వినలేదు. జ్వరం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కుంగదీసింది. అక్క వచ్చి నన్ను మదనపల్లె దగ్గరి మా ఊరికి తీసుకువెళ్లింది.

అక్కడ అవ్వ, తొంభై ఏళ్ల వయసులో, ఎన్నడూ చెప్పని విషయం చెప్పింది. తాత అన్నకు, అంటే మా పెద్ద తాతకు, ఇదే జబ్బు వచ్చిందట. 1915లో కట్టిన ఆరోగ్యవరం శానటోరియం, అంటే క్షయ రోగులను ఉంచి చూసే ఆసుపత్రి, మా ఊరికి ఆమడ దూరమే అయినా అక్కడ చేర్చే స్తోమత ఇంట్లో లేకపోయింది. ఆయనను పశువుల కొట్టంలో ఉంచారు. కొత్త కోడలైన అవ్వ, అత్తగారు చెప్పినట్లే, విస్తరాకును గడపమీద పెట్టి మొహం తిప్పుకొని వచ్చేసేది. "నీళ్లు కొంచెం దగ్గరికి జరపమ్మా అని అడిగినాడు, నేను జరపలేదు" అని ఆమె నా చేయి పట్టుకొని ఏడ్చింది. ఆయన పోయింది స్వాతంత్య్రం వచ్చిన ఏడాదిలో. క్షయ క్రిమిని రాబర్ట్ కాఖ్ 1882లోనే చూపించాడు, దానికి మందైన స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది, అయినా ఆ కొట్టం దాకా ఏదీ రాలేదు.

మంచంమీద ఉన్న నెలల్లో, మనుషులు కాలంతో పాటు మెరుగవుతున్నారా అనే ప్రశ్న నన్ను వదలలేదు. మందుల విషయంలో నాకు సందేహం లేదు. 1950లలో మద్రాసులో జరిపిన పరిశోధనలో, ఇంట్లో ఉండి మందులు వాడినవారు శానటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకొన్నారనీ, ఇంటివారికి అదనపు ముప్పు కలగలేదనీ తేలింది. నన్ను అక్క తన ఇంట్లోనే ఉంచుకోగలిగిందంటే, దాని వెనుక మన పొరుగు నగరంలోని పేద రోగులు, వారి కుటుంబాలు ఏడాది పొడవునా ఇచ్చిన సహకారం ఉంది. పోషణకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 500 రూపాయలు నా ఖాతాలో పడేవి. అయితే ఇంత మందు ఉన్నా, ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు ఇప్పటికీ మన దేశంలోనే ఉన్నారు. జబ్బును దాచుకొని ఆలస్యంగా వచ్చేవారూ ఎందరో. జ్ఞానం పెరిగినంత వేగంగా భయం తగ్గడం లేదని నా ఇంటి యజమాని మాటల్లోనే చూశాను. మెరుగుదల అబద్ధమని మాత్రం నేను అనలేను, ఎందుకంటే అదే అవ్వ నా కళ్లెదుటే ఉంది.

మొదటి నెలలో పరగడుపున బిళ్లలు మింగితే కడుపులో తిప్పేది. అవ్వ రోజూ తెల్లవారే లేచి, ఎర్రటి బిళ్లలు నాలుగూ తన అరచేతిలో వేసుకొని, నా పక్కనే కూర్చొని, చెంబు నా చేతికి అందేంత దగ్గరికి జరిపి, మింగేదాకా చూసేది. ఆరో నెల చివర తెమడలో క్రిమి లేదని వచ్చింది, పోయిన బరువులో ఆరు కిలోలు తిరిగి వచ్చాయి. ఆఖరి రోజు ఖాళీ అయిన అట్టను నేను పారేయబోతే అవ్వ అడిగి తీసుకొంది. ఇప్పటికీ అది ఆమె వక్కాకు తిత్తిలో ఉంది.