పాట అందలేదు బాబూ

"చాలా బాగా పాడారు బ్రదర్" అని ఎవరైనా అంటే నా నోట్లోంచి ఠక్కున వచ్చే మాట "దేవునికే మహిమ అండీ". ఏళ్ల తరబడి అలవాటైపోయింది. ఆ మాట అంటూనే చెవులు మాత్రం రిక్కించుకుని ఉంటాను, ఇంకో ముక్క అంటారేమో, ముఖ్యంగా రెండో చరణంలో నేను వేసిన ఆ సంగతి, అంటే రాగంలో చిన్న మలుపు, గురించి అంటారేమోనని. మహిమ దేవుడికి పంపించేసి రసీదు మాత్రం నా జేబులో పెట్టుకునే రకం అన్నమాట.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా చర్చి సంఘంలో ఒక పెద్దావిడ వల్ల.

నేను కీబోర్డు వాయిస్తూ పాటలు నడిపిస్తాను. ఒక ఆదివారం అందరికీ తెలిసిన పాత పాటనే ఎఫ్ స్కేల్‌లో, అంటే కాస్త పై శ్రుతిలో, ఎత్తుకున్నాను. ఎఫ్‌లోనే ఎందుకంటే, ఆ పాట చరణం పైకి వెళ్లే చోట నా గొంతు ఎఫ్‌లో మెరుస్తుంది. కాస్త కిందున్న డిలో పాడితే అది మామూలు గొంతు, అందరికీ ఉండేదే. మూడు సాయంత్రాలు కూర్చుని ప్రాక్టీసు చేశాను, పల్లవికీ చరణానికీ మధ్య కొంచెం పెద్ద బిట్ కూడా కట్టుకున్నాను, ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి స్టాండు మీద ఆనించాను. పల్లవి అందరూ పాడారు. చరణంలోకి వచ్చేసరికి హాలంతా నిశ్శబ్దం, నా గొంతు ఒక్కటే. కళ్లు మూసుకుని పాడుతున్న నేను, ఆహా, అందరూ ఎంత లోతుగా ఆరాధనలోకి వెళ్లిపోయారో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, నవ్వకండి.

అయిపోయాక ఆవిడ నా దగ్గరకొచ్చి, "పాట బాగుంది గానీ మాకు అందలేదు బాబూ. అంత పైన ఎత్తుకుంటే మేమెక్కడ పాడతాం? విన్నాం, అంతే" అన్నారు. ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయారు.

ఇంటికెళ్లి రికార్డింగ్ వింటే తెలిసింది. పల్లవి మొదటి లైనులో గుంపు గొంతు నిండుగా ఉంది. రెండో లైనులో మగవాళ్లు సగం మంది ఒక స్థాయి కిందికి దిగి గొణుగుతున్నారు. చరణం మొదట్లో ఇద్దరు ముగ్గురు ప్రయత్నించారు, ఒక గొంతు చీలింది, ఎవరో దగ్గారు, తర్వాత ఎవరూ లేరు. సుమారు నాలుగు నిమిషాల పాట, అందులో నా సోలోనే ఎక్కువ. ఆరాధన అని పేరు పెట్టి కచేరీ చేశాను.

తర్వాత నేను చేసిన పని ఇంకా దరిద్రం. గొంతు బాలేదని చెప్పి మూడు వారాలు పాడలేదు, వాయించలేదు, వెనక బెంచీలో కూర్చున్నాను. దానికి నేను పెట్టుకున్న పేరు తగ్గింపు. అసలు పేరు అలక.

మన సంఘాల్లో పాట, సంగీతం, మాట నేర్పు లాంటివాటిని "తలాంతు" అంటాం కదా. ఆ మాట మత్తయి సువార్త 25వ అధ్యాయంలో, యజమాని తన దాసులకు తలాంతులు అప్పగించి వెళ్లిన ఉపమానం నుంచి వచ్చింది, అక్కడ తలాంతు అంటే నైపుణ్యం కాదు, డబ్బు. తూకంతో లెక్కపెట్టే డబ్బు. ఒక తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు, ఒక దేనారం కూలివాడి రోజు కూలి, అంటే ఇంచుమించు 20 ఏళ్ల సంపాదన. ఒక్క తలాంతు దొరికినవాడిని మనం పాపం తక్కువ దొరికినవాడిగా చూస్తాం గానీ వాడి చేతిలో పడ్డది 20 ఏళ్ల కూలి! దాన్ని వాడు గుంట తవ్వి దాచిపెట్టాడు. భయపడ్డానన్నాడు, ఎదురు యజమానినే తప్పుపట్టాడు. వెనక బెంచీలో కూర్చుని నేను మనసులో చేసిందీ అదే. పొగడ్త కోసం పాడటమూ నా గురించే, పొగడ్త రాలేదని మానేయడమూ నా గురించే.

ఆ మూడు వారాల్లో బైబిల్లో నిర్గమకాండం చదువుతుంటే బెసలేలు అనే పనివాడి దగ్గర ఆగిపోయాను. 31వ అధ్యాయం. దేవుడు ఒక మనిషిని తన ఆత్మతో నింపానని చెప్తున్నాడు, ఎందుకయ్యా అంటే ప్రసంగం చేయడానికి కాదు, బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రాళ్లు చెక్కడానికి, కొయ్య పని చేయడానికి. ఆ సంగతి ఇదివరకు చాలా ప్రసంగాల్లో విన్నదే. నన్ను ఆపింది బెసలేలు చేసిన మందసం, అంటే దేవుని ఆజ్ఞల పలకలు ఉంచే పెట్టె. తుమ్మకర్ర, లోపలా బయటా మేలిమి బంగారు రేకు, మీద బంగారు కెరూబులు, రెక్కలున్న దూతల రూపాలు. ఆయన చేతిలో తయారైన వాటన్నిటిలో పవిత్రమైనది అదే. మరి అది ఎక్కడికి వెళ్లింది? ఆరాధన గుడారంలో అడ్డతెర వెనక్కి, అతి పరిశుద్ధ స్థలంలోకి. అక్కడికి ప్రధాన యాజకుడొక్కడే వెళ్తాడు, ఏడాదికి ఒక్క రోజు, అదీ ధూపం పొగ కమ్మేసిన గదిలోకి. పోనీ ప్రయాణంలో మోసేవాళ్లైనా చూస్తారా అంటే, ముందే యాజకులు ఆ తెరతోనే కప్పి, దాని మీద తోలు కప్పి, పైన నీలి బట్ట కప్పి ఇస్తారు. సంఖ్యాకాండం 4లో ఉంది. తొంగి చూస్తే చావే.

ఒక్కసారి పనివాడి వైపు నుంచి ఆలోచించండి. కెరూబుల రెక్కలు సుత్తితో ఎన్ని దెబ్బలు కొడితే ఆ రూపానికి వచ్చి ఉంటాయి. ఆ రెక్కల అడుగు భాగం ఎలా ఉందో చూసేవాడే లేడు. ఏం మనసుతో చేశాడో బైబిల్ చెప్పలేదు, ఊహించి కథలల్లను. కానీ చివరి మెరుగు పెట్టాక అది తెర వెనక్కి పోయింది, పని అక్కడితో అయిపోయింది. నేనైతే ఫోటో తీసుకుని ఉండేవాణ్ని.

సంగీతం గురించి మాట్లాడేటప్పుడు అందరూ జర్మన్ సంగీతకారుడు బాఖ్ పేరు చెప్తారు. ఆయన తన స్వరపత్రాల చివర చాలాచోట్ల ఎస్.డి.జి. అని మూడక్షరాలు రాసేవాడు, సోలీ డియో గ్లోరియా, దేవునికి మాత్రమే మహిమ అని. ప్రసంగాల్లో ఇక్కడితో ఆపేస్తారు. అదే బాఖ్ 1733లో తను రాసిన ఆరాధన సంగీతాన్ని సాక్సనీ పాలకుడికి పంపి, ఆస్థానంలో ఒక బిరుదు ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. తను పనిచేస్తున్న లైప్‌జిగ్ ఊళ్లో తనకు జరుగుతున్న అవమానాల గురించి కూడా అందులో మొరపెట్టుకున్నాడు. బిరుదు 1736లో వచ్చింది. ఇది తెలిశాక నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు, ఉన్నమాట చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నాను. ఆ మూడక్షరాలు రాసినవాడికి కూడా గుర్తింపు కావాలనే ఉంది. అంటే ఆ కోరిక మొత్తం చచ్చిపోయాకే కీబోర్డు ముందు కూర్చుంటానని నేను పంతం పడితే ఈ జన్మలో కూర్చోను.

సరే, మళ్లీ కూర్చున్నాను. చేసింది పెద్ద ఆత్మీయ కార్యమేమీ కాదు, శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ మూడుసార్లు నొక్కాను. స్క్రీన్ మీద మైనస్ మూడు. ఎఫ్ కాస్తా డి అయింది. మధ్యలో పెద్ద బిట్ తీసేసి, జనం ఊపిరి తీసుకుని మళ్లీ అందుకునేంత మాత్రం ఉంచాను. నిజం చెప్పాలా? బోర్ కొట్టింది. నా గొంతు ఎక్కడా మెరవదు, వేళ్లకు పనేమీ లేదు.

అలాగని ప్రాక్టీసు మానేయలేదు. "దేవుడు హృదయాన్ని చూస్తాడులే" అని పాటకు వాయించాల్సిన కార్డ్స్ (స్వరాల జోడింపులు) కూడా సరిగా చూసుకోకుండా వచ్చేవాళ్లంటే నాకు ఇప్పటికీ చిరాకే. దేవుడు హృదయాన్ని చూస్తాడన్నది దావీదును రాజుగా ఎన్నుకునేటప్పటి మాట, రిహార్సల్ ఎగ్గొట్టడానికి ఇచ్చిన సెలవు చీటీ కాదు. 33వ కీర్తన ఇంపుగా వాయించమనే చెప్తోంది. పైగా గుంపు వెనకాల సాదాగా వాయించడమే కష్టం. వాళ్లు లాగితే లాగనిచ్చి, టెంపో జారిపోకుండా పట్టుకుని, ఎవరికీ తెలియకుండా మళ్లీ దారిలో పెట్టాలి. బాగా చేస్తే నువ్వు చేశావని ఎవరికీ తెలియదు. చెడగొడితే మాత్రం అందరూ తిరిగి చూస్తారు.

మొన్న ఆదివారం ఆ పాటే మళ్లీ పాడాం, డిలో. చరణం పైకి వెళ్లేచోట హాలంతా ఒక్కసారి లేచింది. శ్రుతి కొంచెం అటూఇటూ ఉంది, వెనక వరుస అర తాళం ఆలస్యంగా వచ్చింది, నా కీబోర్డు నాకే సరిగా వినపడలేదు. ఫోన్ రికార్డింగ్ పెట్టడం మర్చిపోయాను. మర్చిపోయానంటే, సగం పాటలో గుర్తొచ్చి బాధపడ్డాను కూడా.

అయ్యాక ఆ పెద్దావిడ పక్కావిడతో ఏదో మాట్లాడుకుంటూ నా ముందునుంచే వెళ్లిపోయారు. మధ్యమధ్యలో చరణం కూనిరాగం తీస్తున్నారు. ఒక్కసారైనా ఇటు తిరుగుతారేమోనని గుమ్మం దాటేదాకా చూశాను. తిరగలేదు.